బూటు చూశాకే బైండింగు

దసరా దాటగానే గుల్మార్గ్, ఔలి స్కీ ప్రయాణాల గురించి ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి బెంగళూరు, చెన్నై పాఠకులు ఎక్కువమంది అడిగింది ఒకే వస్తువు గురించి. బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బైండింగు అది. ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: గుల్మార్గ్‌లో రెండు చలికాలాలు స్కీయింగ్ కోర్సు చేశాను. ఇక సొంత స్కీలు కొనుక్కోవాలని ఉంది. మ్యూనిక్‌లో ఉన్న మా అన్నయ్య జనవరిలో వస్తూ తెస్తానన్నాడు. బైండింగుల్లో ఆల్పైన్, పిన్, ఫ్రేమ్, హైబ్రిడ్ అని నాలుగు రకాలు కనిపిస్తున్నాయి. ఏది తెమ్మని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: బూటు ఖాయం కాకుండా బైండింగు కొనొద్దని ముందు అన్నయ్యకు చెప్పండి. బైండింగుకు పనంతా బూటు అడుగుతోనే. ఆ అడుగు ఏ ప్రమాణానికి చేసిందో తెలియకుండా బైండింగు కొనడమంటే తాళం చూడకుండా తాళంచెవి చేయించడమే. బూటేమో ఎవరి కాలికి వారు తొడిగి చూసుకోవాల్సిన వస్తువు. ఫోన్లో కొలతలు చెప్పి తెప్పించుకుంటే చాలాసార్లు వేలికో చీలమండకో నొప్పి తప్పదు.

ఇక రకం సంగతి. దాన్ని తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: మీరు కొండ ఎలా ఎక్కుతారు? గుల్మార్గ్ రోప్‌వే, అంటే గొండోలా, మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండోది అఫర్వత్ మీద సుమారు 3,950 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తుంది. అలా ఎక్కి స్కీల మీద దిగేవారికి ఆల్పైన్ బైండింగు సరిపోతుంది. ఇందులో మడమ ఎప్పుడూ బిగిసే ఉంటుంది. కాలు మెలిపడితే ముందు భాగం పక్కకు వదులుతుంది, ఒళ్లు ముందుకు తూలితే వెనక భాగం పైకి లేచి వదులుతుంది. జత రెండు కిలోలకు అటూఇటూ తూగుతుంది. బరువు ఎక్కువే కానీ గట్టి మంచు మీద స్కీ దడదడలాడినా బూటును జారనివ్వదు, అదురు తగ్గాక మళ్లీ మధ్యకు లాక్కుంటుంది. నేర్చుకునే దశలో ఈ గుణం ఎంతో అవసరం.

పిన్ బైండింగు నడిచి ఎక్కేవారి కోసం పుట్టింది. 1980లలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ రూపొందించాడు, డైనఫిట్ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. బూటు ముందు కొనకు రెండు పక్కలా ఉక్కు గుంటలుంటాయి. బైండింగు సూదులు వాటిలో దిగుతాయి. మడమ వదులుగా ఉంటుంది కాబట్టి, స్కీ అడుగున వెనక్కి జారకుండా పట్టే స్కిన్లు అంటించుకుని నడుస్తూ కొండ ఎక్కొచ్చు. కిలో లోపు తూగే జతలు చాలా ఉన్నాయి. అయితే ఈ రకాల్లో చాలావాటికి అదురును మింగే గుణం ఆల్పైన్‌తో పోలిస్తే తక్కువ. యంత్రంతో చదును చేసిన గట్టి వాలు మీద రోజంతా తిరగడానికి వీటిని మేము సిఫార్సు చేయం.

ఫ్రేమ్ రకంలో ఆల్పైన్ బైండింగు మొత్తాన్ని ఒక పట్టా మీద కూర్చోబెడతారు. అడుగు వేసిన ప్రతిసారీ ఆ బరువంతా మడమతో పాటు లేస్తుంది. ఇప్పుడు కొత్తగా కొనడానికి కారణం కనిపించదు. హైబ్రిడ్ ఎక్కేటప్పుడు పిన్నులతోనూ దిగేటప్పుడు ఆల్పైన్‌లాగానూ పనిచేస్తుంది. 2018లో వచ్చిన సాలొమన్ షిఫ్ట్‌తో ఈ రకం బాగా ప్రచారంలోకి వచ్చింది. జత దాదాపు 1.7 కిలోలు. దీనికి పిన్ గుంటలున్న బూటే కావాలి. ఎక్కుడు నుంచి దిగుడుకు మార్చేటప్పుడు కదిలే భాగాలు ఎక్కువ, వాటిలో మంచు చేరితే పట్టు సరిగా పడదు.

రెండు కోర్సులే అయ్యాయి కాబట్టి మీకు మేము చెప్పేది ఆల్పైన్. నడిచి ఎక్కి స్కీ వాలుల హద్దులు దాటి వెళ్లాలంటే బైండింగుతో పాటు మంచుచరియలు విరిగిపడటం గురించి చదువు, మంచులో కూరుకున్నవారిని వెతికే ట్రాన్సీవర్, ప్రోబు, పార, తోడు ఇవన్నీ కావాలి. అవి సమకూరిన ఏడాది హైబ్రిడ్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: నా దగ్గర గ్రిప్‌వాక్ అడుగున్న కొత్త బూట్లున్నాయి. ఒకాయన 12 ఏళ్ల నాటి ఆల్పైన్ బైండింగులతో స్కీలు చవగ్గా అమ్ముతున్నాడు. తొడిగి చూశాను, టక్కున పడ్డాయి, ఊడదీస్తే ఊడాయి. ఇక కొనేయొచ్చు కదా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వద్దు. టక్కున పడిందంటే పట్టిందని అర్థం, అంతే. పడినప్పుడు సరైన సమయానికి వదులుతుందా అన్నది వేరే పరీక్ష. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో అతి ప్రమాదకరమైన పొరపాటు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మామూలు ఆల్పైన్ బూటు అడుగు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 5355 ప్రమాణానికి చేసింది: చదునుగా, గట్టి ప్లాస్టిక్‌తో, బైండింగు పట్టుకునే అంచుల్లో ముందు పెదవి 19 మిల్లీమీటర్లు, వెనక పెదవి 30 మిల్లీమీటర్లు మందంతో. గ్రిప్‌వాక్ అడుగు ఐఎస్ఓ 23223 కిందికి వస్తుంది. నడకకు వీలుగా రబ్బరు అతికించి, కొన దగ్గర వంపు తిప్పి ఉంటుంది. నడిచి ఎక్కేవారి టూరింగ్ బూట్లది ఐఎస్ఓ 9523. దాని రబ్బరు ఇంకా మందం, వంపు ఇంకా ఎక్కువ.

తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందంటే, బూటు వేళ్ల కింద ఉండే చిన్న పలక దగ్గర. దాన్ని ఏఎఫ్‌డీ అంటారు. కాలు మెలిపడినప్పుడు బూటు దాని మీద పక్కకు జారాలి. చదునైన ప్లాస్టిక్ అడుగు పాత నున్నటి పలక మీద జారుతుంది. రబ్బరు జారదు, అంటుకుంటుంది. అప్పుడు ఎంత బలానికి వదలాలో చెప్పడానికి బైండింగు మీద మీరు పెట్టుకున్న అంకె 5 అయినా, ఊడటానికి కావాల్సిన బలం అంతకన్నా చాలా పెరిగిపోతుంది. ఆ అదనపు బలాన్ని మీ మోకాలి కింది ఎముక మోయాలి. గ్రిప్‌వాక్‌కు తగిన చాలా బైండింగుల్లో ఈ పలక బూటుతో పాటు పక్కకు కదిలేలా చేస్తారు, ఎత్తు కూడా అడుగుకు తగ్గట్టు ఉంటుంది.

కొనేటప్పుడు బైండింగు మీద గ్రిప్‌వాక్ గుర్తు, లేదా ఎంఎన్‌సీ అన్న అక్షరాలు, మార్కర్ వారిదైతే సోల్ ఐడీ అన్న పేరు ఉందేమో చూడండి. ఎంఎన్‌సీ ఉంటే మూడు రకాల అడుగులకూ సరిపోతుంది, కానీ బూటు మారిన ప్రతిసారీ ముందు భాగం ఎత్తును మళ్లీ సరిచేయాలి. గ్రిప్‌వాక్ గుర్తున్నది మామూలు ఆల్పైన్ బూటును కూడా తీసుకుంటుంది. ఏ గుర్తూ లేని పాతది ఐఎస్ఓ 5355 బూటుకే పరిమితం.

వయసు సంగతి కూడా ఉంది. తాము ఇప్పటికీ బాధ్యత తీసుకునే మోడళ్ల జాబితాను తయారీదారులు ఏటా దుకాణాలకు ఇస్తారు. అందులోంచి పేరు పోయిన బైండింగును సరిచేయడానికి శిక్షణ పొందిన మెకానిక్ ఒప్పుకోడు. ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, లోపలి గ్రీజు ఎండిపోతుంది, బయటికి మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. స్కీలు బాగుంటే వాటికి మాత్రమే ధర కట్టి, కొత్త బైండింగు ఖర్చు దానికి కలుపుకుని బేరం ఆడండి. పాత రంధ్రాలకు కొత్త రంధ్రాలు దగ్గరగా పడే పరిస్థితి ఉంటే ఆ బేరం కూడా వదిలేయండి.

ప్రశ్న: డిన్ అంకె ఎంత పెట్టాలి? మా వారు 70 కిలోలు, 160 సెంటీమీటర్లు, వయసు 34. మా నాన్నగారివీ అవే కొలతలు, వయసు 58. ఇద్దరూ కొత్తగా నేర్చుకునేవారే. 6 నుంచి 16 దాకా ఉన్న బైండింగు తీసుకుంటే ముందుముందు కూడా పనికొస్తుందని ఒకరు సలహా ఇచ్చారు.
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఆ సలహా వినొద్దు. పెద్ద అంకె ఉన్నది మేలైనదని కాదు, బరువైన మనిషికి, వేగంగా దూకుడుగా వెళ్లేవారికి అని అర్థం.

డిన్ అనే పేరు జర్మనీ ప్రమాణాల సంస్థ నుంచి వచ్చింది. ఎంత బలానికి బైండింగు వదలాలో ఆ అంకె చెబుతుంది. దాన్ని లెక్కకట్టడానికి ఐదు వివరాలు కావాలి: బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు. పట్టికలో బరువుకో వరుస, ఎత్తుకో వరుస ఉంటాయి. 58 నుంచి 66 కిలోలకు జె వరుస, 67 నుంచి 78 కిలోలకు కె వరుస. ఎత్తులో 158 నుంచి 166 సెంటీమీటర్లకు జె, 167 నుంచి 178కి కె. రెండూ వేరువేరు వరుసల్లో పడితే తక్కువ బలమున్న వరుసనే తీసుకోవాలి. మీ వారి బరువు కె అంటోంది, ఎత్తు జె అంటోంది, కాబట్టి జె. నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లే ఒకటో రకం వారికి మార్పు లేదు. మధ్యస్థంగా వెళ్లే రెండో రకానికి ఒక వరుస కిందికి, వేగంగా నిటారు వాలులో వెళ్లే మూడో రకానికి రెండు వరుసలు కిందికి దిగుతారు. కిందికి దిగేకొద్దీ అంకె పెరుగుతుంది. మీ వారు జె దగ్గరే ఆగుతారు. నాన్నగారికి 50 దాటాయి కాబట్టి ఒక వరుస పైకి, అంటే ఐ. కొలతలు ఒకటే అయినా ఇద్దరి అంకెలూ ఒకటి కావు.

ఆ వరుసలో అడ్డంగా వెళ్లి బూటు అడుగు పొడవు గడిని చూడాలి. ఇది బూటు సైజు కాదు. మడమ పక్కన ప్లాస్టిక్ మీద 305 మిల్లీమీటర్లు అన్నట్టుగా అచ్చువేసి ఉంటుంది. అడుగు పొడవైనకొద్దీ మీట పొడవు పెరుగుతుంది, అంకె తగ్గుతుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుంటుంది ఈ అంకె వ్యవహారం. ఎక్కువ పెడితే పడినప్పుడు వదలదు, తక్కువ పెడితే మలుపు మధ్యలో ఊడి పడేస్తుంది. మీ ఇంట్లో ఇద్దరికీ 3తో మొదలై 10 లేదా 11తో ముగిసేది చూడండి. మార్కర్ స్క్వైర్ 11 అలాంటిదే, 3 నుంచి 11. అదే కంపెనీ గ్రిఫన్ 4 నుంచి 13, జెస్టర్ 6 నుంచి 16. జెస్టర్‌లో మీ వారికి కావాల్సిన అంకె అసలు ఉండకపోవచ్చు, నాన్నగారికైతే ఖాయంగా ఉండదు. అవసరమైన అంకె బైండింగు శ్రేణికి రెండు చివర్లలో కాకుండా లోపలికి పడాలి.

బైండింగు మీది చిన్న కిటికీలో అంకె సరిగా కనిపించినంత మాత్రాన పని అయిపోలేదు. ఐఎస్ఓ 11088 చెప్పే పద్ధతిలో, మీ బూటును మీ బైండింగులో పెట్టి, ఎంత బలానికి వదులుతోందో యంత్రం మీద కొలవాలి. బైండింగు కొన్నచోటే ఆ పరీక్ష చేయించి కాగితం తీసుకోవడం మంచిది. ఇంకో విషయం నాన్నగారికి తప్పక చెప్పండి. ఈ ప్రమాణాలు ప్రధానంగా కాలి ఎముక విరగకుండా పుట్టాయి. మోకాలి లోపలి లిగమెంటు, అంటే ఏసీఎల్, తెగే ప్రమాదాన్ని సరైన అంకె కూడా పూర్తిగా ఆపలేదు. వెనక్కి కూలబడుతూ లేవాలని పెనుగులాడటం దానికి పెద్ద కారణం. పడుతున్నానని తెలిస్తే పడిపోవాలి, కదలిక ఆగాకే లేవాలి.

ప్రశ్న: నా స్కీ నడుము, అంటే మధ్య వెడల్పు, 98 మిల్లీమీటర్లు. బూటు ఊడగానే స్కీని ఆపే బ్రేకు 90, 100, 110, 130 అని నాలుగు వెడల్పుల్లో ఉంది. ఏది?
– ఒక పాఠకుడు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బెంగళూరు

జవాబు: 100 తీసుకోండి, అది దొరక్కపోతే 110. నడుముకు సమానంగా గానీ, 15 మిల్లీమీటర్లకు మించకుండా ఎక్కువ గానీ ఉండాలి. 90ది స్కీ అంచులకు తగిలి కిందికి దిగదు, ఊడిన స్కీ కింద ఉన్నవారి మీదికి బాణంలా పోతుంది. 130ది పక్కలకు పొడుచుకొచ్చి, స్కీని పక్కకు వాల్చిన మలుపులో మంచుకో రెండో స్కీకో తగులుతుంది. బ్రేకు చేతులను వంచి సరిపెట్టేవారూ ఉన్నారు, అది మంచి పని కాదు.

ప్రశ్న: బైండింగు కొన్నాను, స్కీకి రంధ్రాలు లేవు. మా వీధిలో మంచి వడ్రంగి ఉన్నాడు, డ్రిల్లు యంత్రం నా దగ్గరే ఉంది. ఇక్కడే బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: వడ్రంగి చేతి పనితనం మీద మాకు అనుమానం లేదు. ఇది చెక్క పని కాదన్నదే మా అభ్యంతరం. స్కీలో రంధ్రం లోతు తొమ్మిది, తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే అడుగు పొరకు బొడిపె లేస్తుంది, లేదా రంధ్రం అటునుంచి బయటపడుతుంది. అందుకే మెకానిక్‌లు అంతకు మించి దిగకుండా ఆపే మెట్టు ఉన్న ప్రత్యేక బిట్టు వాడతారు. స్కీ లోపల లోహపు రేకు ఉంటే 4.1 మిల్లీమీటర్ల బిట్టు, లేకపోతే సాధారణంగా 3.6. చాలా స్కీల మీద ఆ కొలత అచ్చువేసి ఉంటుంది, ముందు అది వెతకండి. లోహం ఉన్నదానికి 3.6 వాడితే స్క్రూ దిగేటప్పుడు పై పొర ఉబ్బుతుంది, బైండింగు చదునుగా కూర్చోదు. లేనిదానికి 4.1 వాడితే మర పట్టదు, ఓ రోజు బైండింగు స్క్రూలతో సహా ఊడొస్తుంది.

రంధ్రాల స్థానం కోసం ఆ మోడల్‌కు చేసిన జిగ్గు, అంటే డ్రిల్లు ఎక్కడ దిగాలో చూపే అచ్చు, కావాలి. బూటు అడుగు మధ్య గీత, స్కీ మీది మధ్య గీత కలిసేలా జిగ్గును బూటు పొడవుకు సర్ది బిగిస్తారు. లోహపు రేకు ఉంటే రంధ్రానికి మర కోసి, నీటికి తట్టుకునే చెక్క జిగురు చుక్క వేసి, చేత్తో స్క్రూలు బిగిస్తారు. ఆ జిగురు స్క్రూను జారనిస్తూనే, ఆరాక నీళ్లు లోపలి చెక్కకు చేరకుండా మూసేస్తుంది. స్క్రూ తల పోజీడ్రైవ్ 3 రకం. ఇంట్లో ఉండే మామూలు నక్షత్రం స్క్రూడ్రైవరు అందులో జారి తలను పాడుచేస్తుంది.

చివరిది ఫార్వర్డ్ ప్రెషర్. బూటు తొడిగాక వెనక భాగం దాన్ని ముందుకు ఎంత నెడుతోందో చూపే గుర్తు ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో చోట. అది చూపిన హద్దులో లేకపోతే పైన డిన్ అంకె ఎంత సరిగా ఉన్నా దానికి విలువ లేదు. తక్కువైతే కారణం లేకుండా ఊడుతుంది, ఎక్కువైతే వదలదు. ఇన్ని పనుల తర్వాత యంత్రం మీద పరీక్ష ఎలాగూ కావాలి. స్కీలు పట్టుకెళ్లి పరికరాలున్న చోటే బిగించుకోండి. ఇంకా కొననివారికి మా మాట: పట్టాతో కలిపి అమ్మే స్కీ అయితే రంధ్రాల గొడవే లేదు. బైండింగు పట్టా మీద జరిగి బూటు పొడవుకు సర్దుకుంటుంది. సర్దుడు, పరీక్ష మాత్రం దానికీ తప్పవు.

ప్రశ్న: పిల్లలకు 7, 11 ఏళ్లు. వాళ్లకు కొనాలా, అద్దెకు తీసుకోవాలా? అద్దెకైతే ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: అద్దెకే. బూటు పెరిగిన ప్రతిసారీ బైండింగును మళ్లీ సర్దాలి. చిన్నపిల్లల బూటు అడుగు పెద్దల అడుగుకన్నా సన్నం, దానికి తగిన పిల్లల బైండింగే ఉండాలి. వచ్చే ఏడాదికి సరిపోతుందని వదులు బూటు అసలు ఇప్పించకండి.

కౌంటర్లో బరువు ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లాడు బాగా చేస్తాడని గొప్పకు రెండో రకం అనిపించుకుంటే అంకె పెరిగిపోతుంది. 10 ఏళ్ల లోపు పిల్లలకు కూడా 50 దాటినవారిలాగే ఒక వరుస తగ్గించి పెడతారు, మీ చిన్నవాడికి అది వర్తిస్తుంది. రెండు స్కీల మీదా ముందు, వెనక కిటికీల్లో అంకెలు చూడండి, నాలుగూ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే ఎందుకని అడగండి. బూటు తొడిగాక ఫార్వర్డ్ ప్రెషర్ గుర్తును మీ ముందే చూపించమనండి. బూటు తీయగానే బ్రేకు చేతులు చప్పున కిందికి దిగాలి. వేళ్ల కింది పలక చిరిగినా, లేచినా ఆ జత తిరిగి ఇచ్చేయండి. ముందు మనిషి బూటుకు పెట్టిన సర్దుడే మీకూ ఇచ్చి పంపే రద్దీ రోజులుంటాయి. పది నిమిషాలు ఆలస్యమైనా కౌంటర్ దగ్గర నిలబడండి.

ప్రశ్న: పోయిన ఫిబ్రవరిలో పిన్ బైండింగుతో ఎక్కుతుంటే ముందు భాగం మూడుసార్లు ఊడింది. దిగేటప్పుడు కూడా మీటను తాళం వేసే ఉంచమని తోటివారు అన్నారు. సరైనదేనా?
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు

జవాబు: దిగేటప్పుడు తాళం వేయొద్దు. ముందు మీట తాళంలో ఉంటే చాలా పిన్ బైండింగులు పక్కకు వదలవు. పడితే కాలు స్కీతోనే తిరుగుతుంది. విరిగిపడే మంచుచరియల్లో చిక్కితే స్కీ లంగరులా లోపలికి లాగుతుంది.

ఊడటానికి కారణం దాదాపుగా మంచే. ముందు రెక్కల కింద, స్ప్రింగుల దగ్గర మంచు గడ్డకట్టితే రెక్కలు పూర్తిగా మూసుకోవు. సూది గుంటలో ఉన్నట్టే కనిపిస్తుంది, కొన మాత్రమే ఆని ఉంటుంది. స్కీ పోల్ మొనతో కింది మంచును పొడిచి తీయండి, బూటు గుంటల్లో మట్టీ మంచూ లేకుండా చూసుకోండి. తొడిగాక తాళం వేసేముందు మడమ ఎత్తి కాలును పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఆడించండి, గుంటలో మిగిలిన మంచు నలిగి రాలిపోతుంది. అప్పుడే మీట పైకి లాగి తాళం వేయండి. ఇన్ని చేసినా ఊడితే బూటు గుంటలు అరిగాయేమో చూపించండి.

వెనక బూటుకూ బైండింగుకూ మధ్య ఖాళీ కూడా కొలిపించండి. మోడల్‌ను బట్టి 4 మిల్లీమీటర్లు, 5.5 మిల్లీమీటర్లు, కొన్నింటికి సున్నా ఉండాలి. బైండింగుతో ఇచ్చిన ప్లాస్టిక్ కొలతబిళ్ల ఇందుకే, పారేయకండి.

ప్రశ్న: స్కీలు ఏడాదిలో పది నెలలు ఇంట్లోనే ఉంటాయి. ఈ ఉక్కపోతకు బైండింగు పాడవదా?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: జాగ్రత్త పడకపోతే తుప్పు పడుతుంది. మంచు నుంచి వచ్చిన రోజే తడి గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. పైపుతో ఒత్తిడిగా నీళ్లు కొట్టకండి, కిరోసిన్ లాంటివి పూయకండి, లోపలి గ్రీజు పోతుంది. సంచిలో తడిగా కట్టి అటక మీద పడేయడం అన్నిటికన్నా చెడ్డది. గోడకు ఆనించి, గాలి తగిలే గదిలో, వెనక భాగాలను మూసిన స్థితిలో ఉంచండి. బూట్లతో రాళ్ల మీద నడిచి ఉంటే అడుగు పెదవులు అరిగాయేమో కూడా ఇప్పుడే చూసుకోండి, బైండింగు పట్టు వాటి మీదే ఆధారపడుతుంది. డిసెంబరులో బయలుదేరేముందు నాలుగు బ్రేకు చేతులూ దిగుతున్నాయో లేదో, పలకలు కదులుతున్నాయో లేదో చూసి, పరీక్ష కాగితం బూటు సంచిలోనే పెట్టుకోండి.